ముందు సీట్లో మేం తొక్కుతాం

కృష్ణా జిల్లా కలెక్టరు గారికి,

మన డెల్టా నేల చదును. ఎత్తుపల్లాలు లేని ఇలాంటి రోడ్లు సైకిలు తొక్కేవాళ్లకి వరం. అవి వికలాంగులకూ దక్కాలని ఈ లేఖ.

రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న హైదరాబాద్ యువకుడు ఆదిత్య మెహతా 2013 ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు రజతాలు గెలిచారు. ఆయన ఫౌండేషన్ ఇప్పుడు మరెందరికో శిక్షణ ఇస్తోంది. చూపులేనివాళ్లకు టాండెమ్ సైకిలుంది: ముందు చూపున్న మనిషి హ్యాండిల్ పట్టుకుంటాడు, వెనక మనిషి సమంగా పెడల్ తొక్కుతాడు. ముందున్నవాడు "గతుకు", "కుడికి", "బ్రేకు" అని ముందే చెప్పాలి. చెప్పకుండా బ్రేకు వేస్తే వెనకాయన గుండె గుభేలుమంటుంది. అందుకే ముందు కూర్చునే వాలంటీర్లకి శిక్షణ ముఖ్యం, మంచి మనసు ఒక్కటే చాలదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ క్రీడల్లో వారికి చోటు కల్పించడం ప్రభుత్వ బాధ్యత అంటోంది. మేం అడిగేది పెద్దదేం కాదు. ఆదివారాలు పొద్దున్నే రెండు గంటలు మంగినపూడి రోడ్డులో కొంత భాగం లారీలు, బస్సులు రాకుండా ఆపించండి. నాలుగు టాండెమ్‌లు కొనివ్వండి. ప్రభుత్వమిచ్చిన చేతి ట్రైసైకిళ్ల చైన్లు ఉప్పుగాలికి తుప్పుపడుతున్నాయి. బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో నెలకోసారి మరమ్మతుకి షెడ్డు చూపించండి. నూనె, స్పానర్లు మావి, మనుషులూ మావాళ్లే.

ఇట్లు,
బందరు సైకిలు మిత్రులు