కారు ముల్లు మీద మనకీ ఓ కన్ను

గ్యాస్ సిలిండర్ ఎప్పుడు బుక్ చేశాం, వాటర్ ఫిల్టర్ క్యాండిల్ ఎప్పుడు మార్చాం, అత్తగారికి షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించాలి, పిల్లల ఫీజు ఏ తారీఖులోపు కట్టాలి... ఇవన్నీ మనల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తాం. మరి మీ ఇంట్లో కారు కూలెంట్ చివరిసారి ఎప్పుడు మార్చారు? ఈ ప్రశ్నకి మనం ఇంటాయన వైపు చూస్తాం. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తారు. క్యాలెండర్లో పాల లెక్క ఉంటుంది, పనమ్మాయి రాని రోజులు ఉంటాయి, కారు లెక్క మాత్రం ఉండదు.

కారు మగవాళ్ల ఖాతా అని మన ఇళ్లల్లో ఎవరూ రాసుకోని ఒప్పందం ఒకటి ఉంది. అలా అనుకుని మనం వదిలేస్తాం. "నడుస్తోంది కదా, ఇంకేం చూడాలి" అని వాళ్లు వదిలేస్తారు. చివరికి అది ఎవరి పనీ కాకుండా పోతుంది. కానీ ఆ కారులో కూర్చునేది ఇంటిల్లిపాదీ. అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కారు మంచిచెడ్డలు కూడా ఇంటి పనే. దాన్ని ఎవరు చేసినా సరే, తెలుసుకునే హక్కు, "ఆపండి" అని చెప్పే హక్కు పక్క సీట్లో కూర్చున్న మనిషికి ఉండాలి.

ఈ మాట ఊరికే అనడం లేదు. రెండేళ్ల కిందట మార్చి నెలలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో, మా కారు ఆగే చోట ఆకుపచ్చ మరకలు కనిపించాయి. కాగితంతో తుడిస్తే జిడ్డుగా, జారుడుగా ఉంది. మావారికి చెప్పాను. "ఏసీ నీళ్లులే" అన్నారు. ఏసీ నీళ్లకి రంగెందుకుంటుంది అని అడిగితే నవ్వి ఊరుకున్నారు. అప్పటికి సర్వీసింగు చేయించి రెండేళ్లు దాటింది. మధ్యలో ఎప్పుడో బాటిల్లో నీళ్లు తగ్గాయని సెల్లార్ కుళాయి కింద పట్టి బోరు నీళ్లు పోశారు. మా బోరు నీళ్లు ఎలాంటివో గీజర్లో పేరుకునే తెల్ల సున్నాన్ని చూస్తేనే తెలుస్తుంది.

మేలో పెళ్లికని విజయవాడ నుంచి హైదరాబాద్ బయల్దేరాం. వెనక సీట్లో డెబ్భై నాలుగేళ్ల మా అత్తగారు, ఇద్దరు పిల్లలు. కంచికచర్ల దాటాక ఏసీ నుంచి వేడిగాలి మొదలైంది. తర్వాత బెల్లప్పాకం మాడుతున్నట్టు తియ్యటి వాసన. "ఏవండీ, ఏదో వాసనొస్తోంది, ఓసారి ఆపండి" అన్నాను. "నీకన్నీ వాసనలే, నందిగామలో చూద్దాం" అన్నారు. నందిగామ వచ్చింది, పోయింది. ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చాక, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచాక అప్పుడు ఆగింది కారు. మిట్టమధ్యాహ్నం, నీడ లేని చోట. పెద్దావిడ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని రోడ్డు పక్క రాయి మీద గంటన్నర కూర్చుంది.

జగ్గయ్యపేట నుంచి వచ్చిన మెకానిక్ చేతిలో టార్చితో కిందికి వంగి రెండు నిమిషాల్లో చూపించాడు. రేడియేటర్ కింది పైపు చివర ఉబ్బి, చీలికలు పట్టింది. క్లిప్పు వదులైంది. చుట్టూ పచ్చటి పొరలు కట్టి ఎండిపోయి ఉన్నాయి. "ఇది ఇవాళ్టిది కాదమ్మా, నెలల నుంచి కారుతోంది. ఎవరూ చూసుకోలేదా?" అన్నాడు. పైపు, క్లిప్పులు, కొత్త కూలెంట్, కూలీ కలిపి 2,800 రూపాయలు అయింది. ఇంకో పది నిమిషాలు అలాగే తోలి ఉంటే హెడ్డు విప్పాల్సి వచ్చేదన్నాడు. అది ఎంతవుతుందో మా ఆడపడుచు వాళ్ల అనుభవం వల్ల నాకు తెలుసు. వాళ్ల కారు మూడు వారాలు షెడ్డులో ఉంది, నలభై వేలు దాటింది. గోటితో పోయేదానికి గొడ్డలి అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇంతకీ ఈ కూలెంట్ ఏం చేస్తుంది? ఇంజన్లో మండే పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలు తిప్పడానికి పనికొస్తుంది. మిగిలిందాంట్లో కొంత పొగగొట్టం నుంచి పోతే, కొంతని కూలెంట్ మోసుకెళ్లి ముందున్న రేడియేటర్లో చల్లార్చుకుని వస్తుంది. ఇంజను మామూలుగా 90 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. కూలెంటంటే ఇథిలిన్ గ్లైకాల్ అనే ద్రవం, శుద్ధమైన నీళ్లు దాదాపు సగం సగం, తుప్పు పట్టనివ్వని మందులు కొన్ని. ఈ మిశ్రమం నీళ్లకంటే ఆలస్యంగా, 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పైన బిగించిన మూత వల్ల ఒత్తిడి పెరిగి ఆ మరుగు 120 దాటుతుంది.

ఇది మనకి కొత్త సంగతేం కాదు, మన కుక్కరూ అంతే. మూత బిగిస్తే నీళ్లు 100 దగ్గర కాక 120 దగ్గర మరుగుతాయి. గ్యాస్కెట్ వదులైతే ఆవిరి పోతుంది, విజిల్ రాదు, అడుగంటుతుంది. కార్లోనూ ఎక్కడో కారితే ఒత్తిడి నిలవదు, కూలెంట్ తగ్గిపోతుంది, ఇంజను అడుగంటుతుంది. కుక్కర్ గ్యాస్కెట్ సాగిందో లేదో చేత్తో పట్టుకుని చెప్పగల మనిషికి "కారు సంగతి నీకు అర్థం కాదులే" అనడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

డాక్టరు దగ్గరికి వెళ్తే జ్వరం ఎప్పుడొస్తోంది, పొద్దున్నా, సాయంత్రమా అని అడుగుతాడు కదా. కారు విషయంలోనూ ఆ ప్రశ్నలే సగం జబ్బు చెప్పేస్తాయి. సిగ్నళ్ల దగ్గర, ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డు మీద వేగంగా పోతుంటే చల్లబడుతోందంటే అనుమానం ముందు ఫ్యాను మీద. నడుస్తున్నప్పుడు గాలి దానంతటదే రేడియేటర్‌కి తగులుతుంది, ఆగినప్పుడు ఫ్యానే దిక్కు. హైవే మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతోందంటే కూలెంట్ తగ్గిందనో, రేడియేటర్ పూడిందనో, వాటర్ పంపు లేదా థర్మోస్టాట్ వాల్వు సరిగా పనిచేయడం లేదనో చూడాలి.

కారుతోందా లేదా అన్నది మన కళ్లకే తెలుస్తుంది. ఏసీ నీళ్లు రంగు లేకుండా మామూలు నీళ్లలా ఉంటాయి. కూలెంట్ ఆకుపచ్చో, గులాబీయో, నారింజో రంగులో, జారుడుగా, తియ్యటి వాసనతో ఉంటుంది. మనం కూర్చునే ఎడమ సీటు కాళ్ల దగ్గర కార్పెట్ జిగటగా తడిసి, అద్దానికి లోపల జిడ్డు ఆవిరి పడుతుంటే లోపలి హీటర్ దగ్గర కారుతున్నట్టు. కింద మరక లేకుండా బాటిల్లో మాత్రం తగ్గిపోతోంటే జాగ్రత్త పడాలి. అది ఇంజను లోపలికే పోతూ ఉండొచ్చు. ఇంజను వేడెక్కాక కూడా పొగగొట్టం నుంచి తెల్లటి పొగ ఆగకపోయినా, ఆయిల్ మూత అడుగున పాలు ఎక్కువైన కాఫీలాంటి జిడ్డు కనిపించినా ఇక కారు తోలకుండా మెకానిక్‌కి చూపించాలి.

కొన్ని కొత్త కార్లలో ముల్లు ఉండదు. చల్లగా ఉన్నప్పుడు నీలం దీపం, మితిమీరి వేడెక్కితే ఎర్ర దీపం, అంతే. ముల్లు ఉన్నా పూర్తిగా నమ్మడానికి లేదు. కూలెంట్ మొత్తం కారిపోతే వేడి చూసే సెన్సర్‌కి ద్రవం తగలక ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోవచ్చు. "తగ్గిందిలే" అని సంబరపడేలోపు ఇంజను పోతుంది. అందుకే ముల్లుతో పాటు వాసననీ, ఏసీ చల్లదనాన్నీ గమనించాలి.

దారిలో వేడెక్కితే ముందు ఏసీ ఆపేయాలి. పక్కకి తీసుకుని ఇంజను ఆపేయాలి. ఆపడానికి చోటు దొరికేలోపు హీటర్ పూర్తిగా తిప్పితే ఇంజను వేడి కొంత లోపలికి వచ్చి కాస్త ఉపశమనం. చెమటలు పడతాయి, పట్టనివ్వండి. పిల్లల్ని, పెద్దవాళ్లని రోడ్డుకి దూరంగా దించాలి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. విజిల్ ఉన్న కుక్కర్ మూత లాగడం ఎంత ప్రమాదమో ఇదీ అంతే, మొహం కాలిపోతుంది. అరగంటకి తక్కువ కాకుండా ఆగి, పూర్తిగా చల్లారాకే చూడాలి. కాలుతున్న ఇంజన్లో చన్నీళ్లు పోస్తే లోహం పగలొచ్చు. చల్లారాక తప్పనిసరైతే తాగే నీళ్లు పోసుకుని దగ్గర్లోని షెడ్డుకి చేరొచ్చు, తర్వాత అవి తీయించి కూలెంట్ పోయించాలి. జాతీయ రహదారి మీద ఉంటే 1033 నంబరుకి ఫోన్ చేయొచ్చు. ఇది మీ ఫోన్లో ఇప్పుడే దాచుకోండి.

షెడ్డులో కూడా నోరు విప్పాలి. "వాల్వు తీసేద్దామమ్మా, ఇక వేడెక్కదు" అనేవాళ్లు ఉంటారు. ఆ థర్మోస్టాట్ వాల్వు ఇంజనుకి తగిన వేడి నిలబెట్టడానికి ఉంది. అది తీసేస్తే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఇంజను త్వరగా అరుగుతుంది, కారేది మాత్రం కారుతూనే ఉంటుంది. రేడియేటర్లో పసుపు పోసే పాత చిట్కా కూడా ఉంది. చిల్లు పూడ్చబోయి సన్నటి గొట్టాలన్నీ పూడుతాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. "ముందు ప్రెషర్ పెట్టి ఎక్కడ కారుతోందో చూపించు బాబూ" అని అడగండి. గాలి ఒత్తిడి పెట్టి చూసే చిన్న పరికరం మంచి షెడ్డుల్లో ఉంటుంది. కారే చోటు కళ్లతో చూశాకే ఏది మార్చాలో ఒప్పుకోండి.

ఇంకో మాట తల్లులుగా వినాలి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. కొంచెం తాగినా మూత్రపిండాలు పాడవుతాయి, ప్రాణానికే ముప్పు. మిగిలిన కూలెంట్‌ని మంచినీళ్ల సీసాలో పోసి మెట్ల కింద పెట్టే అలవాటు కొన్ని ఇళ్లల్లో చూశాను. వెంటనే తీయించండి. కింద కారిన మరక కూడా కడిగేయాలి, వీధి కుక్కలు నాకుతాయి.

"వంటిల్లు, పిల్లలు, పెద్దలు చాలక ఈ కారు కూడా మన నెత్తినేనా?" అని మీలో కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నేను కారు పని మనం చేద్దాం అనడం లేదు. ఆ పనికి ఓ తారీఖు, ఓ మనిషి ఉండాలంటున్నాను. మా ఇంట్లో ఇప్పుడు క్యాలెండర్లో పాల లెక్క పక్కనే కారు సర్వీసింగు తారీఖు, కూలెంట్ మార్చిన తారీఖు ఉన్నాయి. ఎన్నేళ్లకి మార్చాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో చూసి రాశాం. షెడ్డుకి తీసుకెళ్లే బాధ్యత మావారిది. నెలలో మొదటి ఆదివారం పొద్దున్న, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, బాటిల్ మీద కనిష్ఠం, గరిష్ఠం గీతల మధ్య కూలెంట్ ఉందో లేదో చూసేది ఇంటర్ చదివే మా అమ్మాయి. ఈ పని అబ్బాయికి కాకుండా దానికి కావాలనే ఇచ్చాను. రేపు అది ఎవరి పక్క సీట్లో కూర్చున్నా, లేక తనే స్టీరింగు పట్టుకున్నా, "నీకేం తెలుసు" అనే మాట దాని దగ్గర చెల్లకూడదు.

మన మగవాళ్లు చెడ్డవాళ్లని కాదు. నడిచేదాన్ని ఆపి చూడటం, నొప్పి లేకుండా డాక్టరు దగ్గరికి వెళ్లడం వాళ్లకి ఎవరూ నేర్పలేదు. తమ బీపీ సంగతీ అలాగే వదిలేస్తారు కదా. కానీ ఐదుగురు కూర్చున్న కారులో ఒకరికి అనుమానం వస్తే ఆ ఒక్కరి మాటకి కారు ఆగాలి. అనుమానం తప్పయితే పోయేది పది నిమిషాలు. నిజమైతే మిగిలేది ఇంజను ఒక్కటే కాదు.

ఈసారి ప్రయాణానికి పులిహోర, నీళ్ల సీసాలు, మందుల సంచి సర్దేటప్పుడు ఇంకొక్కటి అడగండి: "బాటిల్ చూశారా?" చూశామని చెప్తే సరే. "చూద్దాంలే" అంటే మాత్రం, బానెట్ ఎత్తేదాకా సంచి కారెక్కించకండి.