మంచం ఖాళీ చేసి వెళ్లినవాళ్లు

పురుగుమందు విషమెక్కి ఆస్పత్రిలో చేరిన మనిషి రెండో రోజుకు లేచి కూర్చుంటాడు. నోట్లో నురగ ఆగిపోతుంది, చెమటలు తగ్గుతాయి, ఆకలేస్తోందంటాడు. ఇంటివాళ్లకు పోయిన ప్రాణం లేచొస్తుంది. అసలు గండం పొంచి ఉండేది అప్పుడే. పురుగుమందుల్లోని ఆర్గానోఫాస్ఫేట్ విషం కొందరిలో 24 నుంచి 96 గంటల మధ్య మెడ కండరాలను, ఊపిరి తీసుకునే కండరాలను సడలించేస్తుంది. తలగడ మీది తల పైకెత్తలేకపోవడం తొలి గుర్తు. వార్డులో ఉంటే డాక్టరు చూసి వెంటిలేటర్ పెడతారు. ఆటోలో ఊరికి పోతున్నవాడి మెడ వాలితే నిద్రపోతున్నాడనుకుంటారు.

అయినా వెళ్లిపోతారు. రాత్రి మందులివ్వడానికి నర్సు వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంటుంది. చేతికి పెట్టిన కాన్యులా కూడా తీయించుకోకుండానే వెళ్లిపోయి ఉంటారు. కేస్ షీటు మీద ‘అబ్‌స్కాండెడ్’ (చెప్పకుండా వెళ్లిపోయారు) అని రాస్తారు. మెడికో లీగల్ కేసైతే అవుట్‌పోస్టు పోలీసులకు కబురు వెళ్తుంది. అంతటితో ఆస్పత్రి బాధ్యత తీరినట్టే.

వాళ్లు ఎందుకు వెళ్లారన్నది మాత్రం ఎక్కడా రాయరు. మన పెద్దాసుపత్రుల్లో రోగి ఒక్కడూ ఉండలేడు. స్ట్రెచర్ తోయడానికి, రక్తం శాంపిల్ ల్యాబుకు పట్టుకెళ్లడానికి, రిపోర్టు తేవడానికి పక్కన ఒకరుండాలి. అంటే రోజూ రెండు కూలీలు పోయినట్టు. ఇంటి దగ్గర పాలు పితకాల్సిన గేదె, బడికెళ్లే పిల్లలు, ముదిరిపోతున్న నారు. నాలుగో రోజుకు చేబదులు తెచ్చిన డబ్బూ అయిపోతుంది. ఇంకెన్నాళ్లుండాలో చెప్పేవారుంటే మనసు రాయి చేసుకుని ఉండేవాళ్లేమో. రౌండ్సుకొచ్చిన డాక్టర్లు తమలో తాము ఇంగ్లిషులో మాట్లాడుకుని పక్క మంచానికి వెళ్లిపోతారు.

ఓపీలో చూపించుకోకుండా వెనుదిరిగేవాళ్ల గురించి అడిగే నాథుడే లేడు. తొలి బస్సుకు వచ్చి, చీటీ రాయించుకుని, వరసలో నిలబడి, తమ వంతు వచ్చేలోగా ‘ఇక రేపు రండి’ అనిపించుకున్నవాళ్లు వాళ్లు. చీటీల లెక్కలో మాత్రం వాళ్లూ ఉంటారు.

డాక్టర్ల కష్టం తక్కువదని కాదు. కిక్కిరిసిన వార్డులో రాత్రి డ్యూటీ నర్సు ఎందరికని కాపలా కాస్తుంది? వెళ్లిన మనిషికి ఏమైనా అయితే బంధువులు నిలదీసేదీ వాళ్లనే. అందుకే చెప్పి వెళ్తామన్నవాళ్ల దగ్గర ముందు సంతకం పెట్టించుకుంటారు. స్పృహలో ఉన్న పెద్దవాళ్లకు వైద్యం వద్దనే హక్కుంది, బలవంతంగా ఆపడం కుదరదు. కానీ ఏం రాసి ఉందో తెలియని ఇంగ్లిషు కాగితం మీద వేలిముద్ర వేసినంత మాత్రాన ఆ హక్కును తెలిసి వాడుకున్నట్టు కాదు.

కూలి పోతుందన్న భయాన్ని ప్రభుత్వాలు గుర్తించిన సందర్భాలున్నాయి. శస్త్రచికిత్స తర్వాత కోలుకునే రోజులకు రూ. 225 చొప్పున, నెలకు రూ. 5,000 వరకు ఇచ్చేలా ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘ఆరోగ్య ఆసరా’ వచ్చింది. హైదరాబాద్ ప్రభుత్వాసుపత్రుల్లో రోగి సహాయకులకు అయిదు రూపాయల భోజనం 2022లో మొదలైంది. చికిత్స మధ్యలో మానేయకుండా ఆపేది ఇలాంటి ఆసరాయే.

ఆగలేక వెళ్తున్నవాళ్లకు కనీసం మాత్రలు ఇచ్చి, ఏ లక్షణం కనిపిస్తే పరుగెత్తుకు రావాలో తెలుగులో రాసివ్వాలి. తిరిగొచ్చినప్పుడు ‘అప్పుడెందుకు పోయావు’ అని నలుగురిలో తిట్టకూడదు. ఆ తిట్లకు భయపడే చాలామంది ప్రాణం మీదికి వచ్చేదాకా రారు. వెళ్లినవాళ్ల ఫోన్ నంబరు, ఊరి పేరు అడ్మిషన్ రోజునే రాసుకుంటున్నారు కదా. మర్నాడు ఉదయం ఆ నంబరుకు ఎవరు ఫోన్ చేయాలో, ఎత్తకపోతే ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఎవరు చెప్పాలో ప్రతి ఆస్పత్రీ పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి.