గృహయంత్రములు: పాతసైకిలు, పళ్ళలెక్క



కోనసీమనుండి యొక సోదరి మాకు లేఖ వ్రాసినది. ఆమె కుమార్తె 6 కిలోమీటర్ల దూరముననున్న కళాశాలకు తల్లి వాడిన పాత ఆడసైకిలుపైననే పోవుచున్నదట. కాలువగట్టు ఎక్కునపుడు మోకాళ్ళు నొచ్చుచున్నవి. బలముగ త్రొక్కినచో చైను జారుచున్నది. దుకాణమువారు, దీనిని తుక్కునకు వేసి గేర్లసైకిలు కొనుమనిరట. అంత రొక్కము లేదు గనుక ఈ యేటికి చదువు మాన్పింతమని యింటిపెద్దలు తలచుచున్నారట. ఈ సైకిలును నిలుపు నుపాయము కలదా యని ఆమె ప్రశ్న.

కలదనియే మా సమాధానము. చట్రము పగులక, ఫోర్కు వంగక యున్నచో తక్కినవన్నియు మార్చుకొనదగినవే. కాని యేదియు కొనకముందు లెక్కింపవలయును, కొలువవలయును. నలోపాఖ్యానమున నలునకు అశ్వహృదయము తెలియును, ఋతుపర్ణునకు సంఖ్యాజ్ఞానము తెలియును. త్రోవలో నిరువురును తమ విద్యలు మార్చుకొనిరి. వాహనవిద్యకు లెక్క తోడుండవలెనని దీనివలన మనమును గ్రహింపవచ్చును.

మొదట బరువు సంగతి. పెడళ్ళకడనున్న పెద్దచక్రమునకు పళ్ళెన్నియో, వెనుక ఫ్రీవీలునకు పళ్ళెన్నియో, ఒక పంటిపై సుద్దగుర్తు పెట్టి లెక్కింపుడు. ఇట్టి సైకిళ్ళకు ముందు 44, వెనుక 18 ఉండుట సామాన్యము. 44ను 18చే భాగించి, చక్రపుటెత్తగు 26 అంగుళములచే గుణించినచో సుమారు 63½ వచ్చును. దీనిని గేరు అంగుళములందురు. పూర్వము పెడళ్ళు పెద్ద ముందుచక్రమునకే తగిలింపబడి యుండెడివి. చక్రమెంత పెద్దదో చుట్టునకు దూరమంత, బరువంత. 1885లో ఇంగ్లాండునందలి కొవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ చైనుతో వెనుకచక్రము త్రిప్పు రోవరు సైకిలును వెలువరించెను. చైనుసైకిళ్ళు వచ్చినను, మన సైకిలెంత పెద్దచక్రమునకు సమానమో చెప్పు ఆ పాతలెక్క నిలిచిపోయినది.

ఈ లెక్కను 22/7చే గుణించినచో, పెడలొక చుట్టు తిరుగునప్పటికి బండి యెన్ని అంగుళములు సాగునో తెలియును. 18 పళ్ళతో సుమారు 16½ అడుగులు. వెనుక 20 పళ్ళ ఫ్రీవీలు వేసినచో 15 అడుగులు. 22 పళ్ళదైనచో 13½ అడుగులు. దూరము తగ్గినకొలది కాలిపై భారమును తగ్గును: 20తో పదింట నొకవంతు, 22తో దాదాపు అయిదింట నొకవంతు. చదునునేలపై కాళ్ళు కొంచెము వేగముగ ఆడవలసివచ్చును, అంతియే నష్టము. దారియంతయు చదునై గట్టొక్కటే యెక్కవలసినచో 20 చాలును. ఎదురుగాలియు, పుస్తకముల బరువును గూడ నున్నచో 22 మేలు.

20 వేసినచో చైను మార్చనక్కరలేదు. వెనుకచక్రమును దాని గాడిలో పావు అంగుళము ముందునకు జరిపిన సరిపోవును. 22 వేసినచో చైను ఒక అంగుళము పొడిగింపవలయును, అనగా ఒక జత లంకెలు చేర్చవలయును. అపుడు చక్రమున్నచోటనే యుండును. చక్రము జరిపినపుడు బ్రేకుకట్టలు రిమ్మునకు సరిగ తగులునట్లు తిరిగి బిగింపుడు. చైను నడుమ వ్రేలితో నొక్కిచూడగా అర అంగుళము ఆడవలయును.

ఇక చైను జారుట. కొత్తచైనున కీలునుండి కీలునకు సరిగ అర అంగుళముండును. కావున 24 లంకెలు 12 అంగుళములు. అడుగు కొలబద్దను ఒక కీలు నడిమికి పట్టి కొలిచి చూడుడు. 1/16 అంగుళము పెరిగినచో చైను మార్చవలసిన కాలము వచ్చినది. 1/8 పెరిగినచో పళ్ళును అరిగియుండును. అపుడు కొత్తచైను ఒక్కటియే వేసినచో అరిగిన పళ్ళపై అది మరింత జారును. అట్లైన చైనును, ఫ్రీవీలును, పెద్దచక్రపు పళ్ళు కొక్కెములవలె వంగియున్నచో దానినిగూడ కలిపి మార్చుకొనుడు.

భాగములు కొనునపుడు గంతకు తగ్గ బొంతయే కావలయును. గేర్లసైకిలు చైను సన్నము, పాతపళ్ళపై కూర్చుండదు. 1/8 అంగుళము వెడల్పుదే అడుగుడు. వెనుకచక్రము మార్చి గేర్లు పెట్టింపుమన్నను తొందరపడకుడు. పాతచట్రమున వెనుక ఫోర్కుల నడిమి చోటు సుమారు 110 మిల్లీమీటర్లు; నేటి గేర్లచక్రములకు 130, 135 కావలయును. కడ్డీబ్రేకులు రిమ్ము లోపలివైపున నొరయును; అట్టి రిమ్ములకు ప్రక్కనుండి పట్టు బ్రేకులు అమరవు. క్రాంకును బిగించు కాటరుపిన్నులు 9 మిల్లీమీటర్లవియు, 9½ మిల్లీమీటర్లవియు కలవు. ఊడదీసిన పాతపిన్నును చేతపట్టుకొని పొండు.

టైరునందే మోసపోవుట యెక్కువ. 26×1⅜, 26×1½, 26×1.75 అను మూడింటికిని పేరు 26 అంగుళములే. కాని అవి కూర్చుండు రిమ్ముల వ్యాసములు వరుసగా 590, 584, 559 మిల్లీమీటర్లు. టైరు ప్రక్కన 37-590 అనునట్టి సంఖ్య అచ్చువేసియుండును. రెండవ అంకె కలిసిననే కొనుడు.

ఎడమపెడలు మరలు ఎదురుమరలని మరువకుడు. దానిని ఊడదీయుటకు కుడివైపునకు, అనగా గడియారపు ముల్లు తిరుగువైపునకు త్రిప్పవలయును. ఇది తెలియక బలము చూపినచో క్రాంకు చెడును.

ఫ్రీవీలు ఊడదీయుటకు దాని గాళ్ళలో నిమిడెడి పనిముట్టు కావలయును గనుక ఆ పని దుకాణమునకే విడువుడు. అయితే ఏమి వేయవలయునో మీరే చెప్పుడు. పళ్ళసంఖ్య, చైను వెడల్పు, టైరు అంకె, పిన్నుమందము ఒక కాగితముపై వ్రాసి మీ అమ్మాయిచేతికే ఇండు. లెక్కయు ఆమెచేతనే చేయింపుడు. ఇంటిపెద్దల యెదుట ఫ్రీవీలు, చైనుల వెల యొకవైపునను, ఆడపిల్ల చదువున పోవు ఏడాది యొకవైపునను పెట్టి చూపుడు. ఆ వెల మరల సంపాదింపవచ్చును. ఆ యేడు రాదు.