సొంత మరమ్మతు.. కొంతవరకే!
పాత చిట్కాలతో కొత్త కార్లకు చేటు

రామగుండం: కారు మొరాయిస్తే మెకానిక్‌ను పిలవకముందే బానెట్‌ ఎత్తే యజమానులు ఉన్నారు. ఒకరికి తెలిసిన కిటుకు మరొకరికి చేరుతుంది. ఖర్చు తగ్గించే ఈ అలవాటు మంచిదే. చిక్కల్లా, ఆ సలహాల్లో కొన్ని కార్బురేటర్‌ కాలం నాటివి కావడమే.

తొలినాళ్ల మారుతీ 800కు గాలి, పెట్రోలు పాళ్లను స్క్రూడ్రైవరుతో సరిచేసేవారు. 2020 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌-6 కార్లలో ఆ పనిని సెన్సార్ల ఆధారంగా కంప్యూటరే చేస్తుంది. హెచ్చరిక దీపం వెలిగిందని వైరు పీకేస్తే లోపం దాగుతుందే తప్ప తొలగదు.

ఇంటి వద్ద చేసుకోదగినవీ ఉన్నాయి. చదునైన చోట కారు నిలిపి, ఇంజిన్‌ ఆపిన కొద్ది నిమిషాలకు ఆయిల్‌ మట్టం చూడవచ్చు. టైర్లలో గాలిని ప్రయాణానికి ముందు, చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి.

రామగుండం వంటి మండే ప్రాంతాల్లో రేడియేటర్‌పై మరింత శ్రద్ధ అవసరం. ఇంజిన్‌ వేడిగా ఉండగా మూత తీస్తే మరిగిన నీరు ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. కూలెంట్‌కు బదులు నిత్యం బోరు నీరు పోస్తే లోపల తుప్పు, పాచి పేరుకుంటాయి.

బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగుల జోలికి మాత్రం పోరాదు. బ్రేక్‌ ఆయిల్‌ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్‌ వేడికి మరిగితే పెడల్‌ తొక్కినా బ్రేకు పడదు. జాకీ ఒక్కదానిపైనే నిలిపిన కారు కిందకు దూరడమూ ప్రాణాంతకమే. వందలు మిగుల్చుకోబోయి ప్రాణాలను పణంగా పెట్టడం తగదు.