ప్రేరీ మైదానపు చిత్రకళాగురువు

ప్రతిభావంతుడు చిన్న ఊళ్లో ఉండిపోతే ఆ ప్రతిభ అడవి కాచిన వెన్నెల అవుతుందని లోకంలో ఒక నమ్మకం ఉంది. బోధనావృత్తి చేపట్టిన కళాకారుడు తన కళను సగం పోగొట్టుకుంటాడన్నది మరొక నమ్మకం. ఈ రెండింటిలో నిజమెంతో తేల్చడానికి బిర్గర్ సాండ్జేన్ జీవితం చక్కని గీటురాయి. స్వీడన్ దేశంలో జన్మించిన ఈ చిత్రకారుడు, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక చిన్న పట్టణంలో 52 సంవత్సరాలు పాఠాలు చెప్పారు.

సాండ్జేన్ 1871 ఫిబ్రవరి 5న ఒక క్రైస్తవ మతాచార్యుని ఇంట జన్మించారు. స్టాక్‌హోం నగరంలో సుప్రసిద్ధ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ వద్ద శిక్షణ పొంది, తరువాత పారిస్‌లో కొన్ని నెలలు అభ్యసించారు. ఆనాడు పారిస్ చిత్రకళకు రాజధాని. అటువంటి మహానగరాన్ని విడిచి, 1894లో, ఇరవై మూడేళ్ల వయస్సులో ఆయన లిండ్స్‌బోర్గ్ చేరుకున్నారు. స్వీడన్ నుండి వలస వచ్చినవారు 1869లో నెలకొల్పుకున్న ఊరు అది. అక్కడి బెథనీ కళాశాల 1881లో ప్రారంభమైంది. తొలి రోజుల్లో ఆయన చిత్రలేఖనంతో పాటు భాషలు కూడా బోధించవలసి వచ్చింది. రెండు మూడేళ్లు ఉండి వెళ్లాలనుకున్నవారు 1946లో పదవీ విరమణ చేసేవరకు ఆ కళాశాలలోనే పనిచేశారు. 1954లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు.

ప్రేరీ అంటే చూపు ఆనినంత మేర గడ్డి పరచుకొన్న మైదానం. ఎత్తైన పర్వతాలు, హోరెత్తే జలపాతాలు లేని ఆ నేలలో చిత్రించడానికి ఏముంటుందని ఎవరికైనా అనిపించవచ్చు. దూరపు కొండలు నునుపు కదా! సాండ్జేన్ మాత్రం దగ్గరి దృశ్యాలనే శ్రద్ధగా పరిశీలించారు. స్మోకీ హిల్ నది వంపులు, వాగుల గట్టున నిలిచిన చెట్లు, ఎండకు మెరిసే రాతిగుట్టలు ఆయనకు చిత్రవస్తువులయ్యాయి. యూరప్‌లో ఆయన అలవరచుకున్నవి తేమగాలిలో మెత్తబడిన మృదువర్ణాలు. కాన్సస్‌లో గాలి పొడిగా, వెలుగు తీక్షణంగా ఉంటుంది. నేర్చిన పద్ధతి ఈ వెలుగుకు చాలదని గ్రహించి, ఆయన తన శైలిని క్రమక్రమంగా మార్చుకున్నారు. రంగును దట్టంగా పూసి, కుంచె జాడలను స్పష్టంగా నిలిపి, నీడలలో సైతం నీలాన్నీ ఊదావర్ణాన్నీ పలికించారు. ఆయనకు ప్రత్యేకతను తెచ్చిన ఈ శైలికి ఆ మైదానపు వెలుగే గురువు.

బోధనను ఆయన తరగతి గదికి పరిమితం చేయలేదు. తైలవర్ణచిత్రం ఒక్కటే ఉంటుంది; దానిని అందరూ కొనలేరు. శిలాముద్రణ చిత్రానికి ప్రతులు అనేకం. సామాన్య గృహస్థు కూడా ఒకటి కొని గోడకు తగిలించుకోవచ్చు. సమీపంలోని మెక్‌ఫర్సన్ పట్టణంలో, తమ కుటుంబపు విత్తనాల దుకాణంలోనే చిత్రాలు కూడా అమ్మిన కార్ల్ స్మాలీ ప్రోత్సాహంతో, సాండ్జేన్ 1916లో శిలాముద్రణ చేపట్టారు. జీవితకాలంలో మూడు వందలకు పైగా ముద్రణ చిత్రాలు రూపొందించారు. 1930లో 'ప్రేరీ ప్రింట్ మేకర్స్' అనే సంఘం ఆయన చిత్రశాలలోనే ఆవిర్భవించింది. ఆర్థికమాంద్యం తరువాతి కాలంలో ప్రభుత్వం తపాలా కార్యాలయాలను చిత్రాలతో అలంకరింపజేసినప్పుడు, లిండ్స్‌బోర్గ్, బెల్‌విల్, హాల్‌స్టెడ్ పట్టణాలకు ఆయన చిత్రాలు వేశారు. ఉత్తరం వేయడానికి వచ్చిన రైతు తన నేల అందాన్ని అక్కడి గోడమీద చూడగలిగాడు.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. కాన్సస్‌లో పుట్టి, తూర్పు ప్రాంతానికి వెళ్లి కీర్తి గడించిన జాన్ స్టూవర్ట్ కర్రీ పేరు దేశమంతటా మారుమ్రోగింది. 1922లో న్యూయార్క్‌లో ప్రదర్శన జరిగినా సాండ్జేన్‌కు అంతటి ప్రఖ్యాతి దక్కలేదు. పాఠాలకు వెచ్చించిన గంటలను చిత్రాలకే వినియోగించి ఉంటే ఎక్కువ సాధించేవారేమో! ఆ నష్టాన్ని తేలికగా కొట్టివేయరాదు. అయితే మన అలంకారికులు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అనే మూడింటిని కావ్యహేతువులుగా పేర్కొన్నారు. ఇతరులకు నేర్పేవాడు తాను నేర్చినదానిని ప్రతిదినం తిరిగి పరీక్షించుకోక తప్పదు. అది కూడా అభ్యాసమే. పైగా కీర్తి ఒక్కటే కొలమానమైతే, ఒక ప్రాంతపు ప్రజలకు తమ పరిసరాలను చూసే కన్ను ఇచ్చినవారి కృషిని దేనితో కొలుస్తాం?

విద్యార్థులు ఊరు దాటి వెళ్లరాదని దీని అర్థం కాదు. సాండ్జేన్ స్టాక్‌హోం, పారిస్ నగరాలలో చదివారు; సెలవుల్లో కొలరాడో పర్వతాలకు వెళ్లి చిత్రించారు. లోకం చూడడం అవసరం. చూసివచ్చిన కంటికి సొంత నేల చిన్నదిగా కనిపించకుండా ఉండడం అంతకంటె అవసరం. ఆయన పేరిట 1957లో బెథనీ కళాశాల ప్రాంగణంలో చిత్రశాల వెలసింది. ఆయన పనిచేసిన చోటనే ఆయన చిత్రాలు చూడడానికి ఇప్పుడు దూరప్రాంతాలవారు వస్తారు. కళకు కేంద్రం ఫలానా నగరమని ఎవరూ శాసించలేరు. నిష్ఠతో చూసే కన్ను, అలసట ఎరుగని చేయి, నేర్చినది పంచే మనసు ఉన్నచోటనే కళ వర్ధిల్లుతుంది.