ఎముక అతికింది... భయం పోలేదు

70 ఏళ్లు దాటిన పెద్దలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్యం ఇచ్చేలా కేంద్రం 2024 అక్టోబర్ 29న ఆయుష్మాన్ పథకాన్ని విస్తరించింది. అంతకుముందే, 2023 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది. ఊళ్లో అమ్మానాన్నలను వదిలి గల్ఫ్‌కు వచ్చిన మన బోటివాళ్లకు ఇవి రెండూ ఊరటనిచ్చే కబుర్లే. ముసలితల్లి తుంటి ఎముక విరిగితే వడ్డీ వ్యాపారి గడప తొక్కే అవసరం కొంతవరకైనా తగ్గింది. కాదనలేం.

అయితే ఈ సాయం ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి. ఆయుష్మాన్ కింద ఆసుపత్రి నుంచి ఇంటికి పంపాక 15 రోజుల మందులు, పరీక్షల వరకే లెక్క. ఆ తర్వాత ఓపీకి తిరిగే ఖర్చు మనదే. పడిపోయిన పెద్దల అసలు కష్టమేమో సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. కుట్లు విప్పుతారు, ఎక్స్‌రే బాగుందంటారు. మనిషి మాత్రం మంచం దిగదు. కాలు కింద పెడదామంటే గుండె దడ, చెమటలు, మళ్లీ పడతానేమోనన్న వణుకు. దీన్ని 'వయసైపోయింది' అనో, 'దిష్టి తగిలింది' అనో, లేదంటే 'మొండితనం' అనో ఇంట్లో తీసిపారేస్తుంటారు.

ఇది మొండితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు. పడిపోయిన తర్వాత వృద్ధులను పట్టుకునే ఈ భయానికి 1982లోనే బ్రిటన్ వైద్యులు మర్ఫీ, ఐజాక్స్ ఒక పేరు పెట్టి మరీ రాశారు. 1990లో అమెరికాకు చెందిన డాక్టర్ మేరీ టినెట్టి దాన్ని కొలిచే ప్రశ్నపత్రం తయారుచేశారు. స్నానం, మంచం దిగడం, ఇంట్లో నడవడం లాంటి పనులు పడిపోకుండా చేసుకోగలనన్న నమ్మకం ఎంతుందో అడిగే చిన్న పట్టిక అది. మన దగ్గర ఆపరేషన్ చేసిన డాక్టరు వాకర్ రాసిస్తాడు గానీ, 'భయమేస్తోందా పెద్దమ్మా?' అని అడిగేది తక్కువే.

ఈ భయం పనిచేసే తీరు చూడండి. భయంతో నడక తగ్గుతుంది. నడక తగ్గితే కండ కరుగుతుంది, కాళ్లలో పట్టు పోతుంది. పట్టు లేని కాలు మళ్లీ జారుతుంది. రాత్రి బాత్రూంకు లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు. ఒంట్లో నీరు తగ్గితే కళ్లు తిరుగుతాయి, అది ఇంకో ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పడిపోవడం వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ఆ చావుల్లో ఎక్కువ భాగం 60 దాటినవాళ్లవే.

దూరాన ఉన్నవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటుంది... 'అమ్మా, నువ్వు లేవకు, మంచంల నుంచి దిగకు, అన్నీ కోడలు చూసుకుంటది.' ప్రేమతో అన్న మాటే. కానీ వినేవాళ్లకు అది 'లేస్తే పడతవ్' అన్నట్టే తగులుతుంది. డాక్టరు నడవమన్నాక కూడా రోజూ ఫోన్‌లో ఇదే వింటుంటే భయం ముదురుతుందే గాని తగ్గదు. 'ఇయ్యాల ఎంతదూరం నడిచినవమ్మా?' అని అడగడం మేలు.

సైట్ మీద పనిచేసే మనకు ఈ చికిత్స పద్ధతి కొత్తేమీ కాదు. పరంజా మీంచి పడి కోలుకుని వచ్చిన మనిషిని మొదటి రోజే పదో అంతస్తుకు ఎక్కిస్తమా? ముందు పడిన చోట రెయిలింగ్, పలకలు సరిచేస్తం. తర్వాత కింద పని, ఆ తర్వాత ఒక అంతస్తు, పక్కన ఒక మనిషి. మనసు డాక్టర్లు చేసేదీ ఇంచుమించు ఇంతే. భయపడే పనులను చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుస కడతారు. మంచం అంచున కూర్చుని నిలబడటం, తలుపుదాకా నడవడం, వాకిట్లోకి రావడం, పక్కింటికి పోవడం. ఒక్కో మెట్టు దగ్గర దడ వచ్చినా వెంటనే వెనక్కి తిరక్కుండా అది నెమ్మదించేదాకా నిలబెడతారు. 'మళ్లీ పడి చచ్చిపోతా' అనే ఆలోచనను మాటల్లో పెట్టించి, అదెంతవరకు నిజమో వాళ్లతోనే తూకం వేయిస్తారు. దీనికి తోడు కాళ్ల బలానికి, నిలకడకు కసరత్తు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వృద్ధుల కోసం తయారుచేసిన ఇంటి కసరత్తుతో పడిపోవడాలు మూడోవంతుకు పైగా తగ్గినట్టు తేలింది. ఎంత బరువు మోపొచ్చో ముందు ఆపరేషన్ చేసిన డాక్టరు చెప్పాలి, అది మరవొద్దు. కళ్లలో శుక్లాలు, బీపీ మాత్రలతో లేవగానే తల తిరగడం లాంటివీ చూపించాలి. అన్నీ భయం ఖాతాలో వేసేస్తే అసలు కారణం దాగిపోతుంది.

మాత్రల సంగతి గట్టిగా చెప్పాలి. నిద్ర పట్టడం లేదంటే ఊళ్లో చాలాచోట్ల అల్ప్రాజోలం చేతిలో పెడతారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో అది 2014 నుంచీ ఉంది. ఆ రకం మాత్రలు ముసలివాళ్లలో మత్తు, తూలుడు తెచ్చి మళ్లీ పడేస్తాయి. అమెరికా వృద్ధాప్య వైద్యుల సంఘం 2023 జాబితాలో కూడా వాటిని పెద్దలకు వాడొద్దనే ఉంది. ఇప్పటికే రోజూ వేసుకుంటుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అవసరమైతే ఆందోళనకు వేరే మందులున్నాయి, అవి మానసిక వైద్యుడు రాయాల్సినవి.

మేం కట్టడం పనిలో ఉన్నాం కాబట్టి ఇంకో మాట. గల్ఫ్ పైసలతో లేచిన ఇళ్లు చూడండి... ఎత్తైన బేస్‌మెంట్, నున్నటి గ్రానైట్ మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బాత్రూంలో అద్దంలా మెరిసే టైల్స్. చూపుకు బాగుంటయి, తడి కాలికి యముళ్లు. కమోడ్ పక్కన సుమారు 3 అడుగుల ఎత్తులో గోడకు గట్టిగా బిగించిన పైపు, మెట్లకు రెయిలింగ్, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. పెద్దగా ఖర్చు లేని పని. పట్టు దొరికితే సగం ధైర్యం దానంతటదే వస్తుంది.

ఇక సర్కారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల పరిహారం ఇస్తూ ఉత్తర్వులిచ్చింది. మంచిదే. కానీ మనం బతికుండగా మన తల్లిదండ్రుల దగ్గరికి వారానికోసారి వచ్చి నడిపించే మనిషి కావాలి. ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్లలో అందాల్సిన 12 రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణ, మానసిక ఆరోగ్యం రెండూ కాగితం మీద ఉన్నాయి. తుంటి ఆపరేషన్ అయిన ప్రతి వృద్ధుని పేరు ఆ ఊరి ఏఎన్ఎంకు చేరి, కనీసం మూడు నెలలు ఫిజియోథెరపిస్టు ఇంటికి రావాలి. గల్ఫ్ సంఘాల వినతిపత్రాల్లో ఈ డిమాండ్ కూడా చేరాలి.

ఈలోగా ఉన్నవి వాడుకోవాలి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. రెండూ ఉచితమే. ఇక్కడినుంచి మనం కాదు, ఊళ్లో ఉన్న తమ్ముడో, మరదలో చేయాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, మానసిక వైద్యం కోసం అక్కడ అడగాలి. నిద్రలో పడినట్టు కలలొచ్చి ఉలిక్కిపడుతుంటే, తిండి మానేస్తే, 'ఇంక నేను బతికి ఏం లాభం బిడ్డా' అంటుంటే అసలు ఆలస్యం చేయొద్దు.

సెలవు సంగతి కూడా. కబురు రాగానే ఎమర్జెన్సీ లీవ్ పెట్టి ఆపరేషన్ రోజుకు చేరుకోవాలనే ఎవరికైనా ఉంటుంది. ఆ పది రోజులు ఇంటినిండా చుట్టాలే ఉంటారు. నెలన్నర గడిచేసరికి పలకరించే దిక్కుండదు, ముసలామె మాత్రం ఇంకా గోడ పట్టుకునే ఉంటుంది. అక్కడ చూసుకునే అన్నో, అక్కో ఉంటే, కంపెనీతో మాట్లాడుకుని సెలవులో కొన్ని రోజులైనా ఆ నడిచే వారాలకు దాచుకోండి.