ఫారం ఒప్పుకుంది.. బోర్డు కాదంది!

సికింద్రాబాద్ లాలాగూడ పేరు చెప్పగానే పాతతరం వారికి 1893లో నిజాం రైల్వే ఏర్పాటు చేసిన క్యారేజ్ వర్క్‌షాప్ గుర్తొస్తుంది. ఉద్యోగాల వేటలో ఉన్న కుర్రకారుకు మాత్రం దక్షిణ లాలాగూడలోని రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు గుర్తొస్తుంది. దేశంలోని 21 ఆర్‌ఆర్‌బీల్లో ఇదొకటి. ఇక్కడి ఉద్యోగం కోసం వేసే తొలి అడుగు పరీక్ష హాల్లో పడదు, ఆన్‌లైన్ దరఖాస్తు ఫారంలోనే పడుతుంది. ఆ అడుగు తడబడితే ఏమవుతుందో 2019 గ్రూప్-డి నోటిఫికేషన్ చూపించింది.

ఆ ఏడాది మార్చిలో రైల్వేశాఖ దేశవ్యాప్తంగా 1,03,769 లెవెల్-1 పోస్టులకు దరఖాస్తులు పిలిచింది. కోటి మందికి పైగా అప్లై చేశారు. తర్వాతి పరిశీలనలో ఫొటో లేదా సంతకం సరిగా లేదంటూ సుమారు 4.85 లక్షల దరఖాస్తులను తిరస్కరించారు. అభ్యర్థుల నుంచి వినతులు వెల్లువెత్తడంతో 2021 డిసెంబరు 15 నుంచి 26 వరకు ఫొటో, సంతకం మళ్లీ అప్‌లోడ్ చేసుకునే అవకాశం ఇచ్చారు. పరీక్షలు 2022 ఆగస్టులో మొదలయ్యాయి. అంటే అప్లై చేసిన రెండున్నరేళ్ల తర్వాత కూడా, అసలు పరీక్ష రాయనిస్తారో లేదో తెలియని స్థితిలో లక్షల మంది ఉండిపోయారు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. వాళ్లందరి ఫారమూ సబ్‌మిట్ అయింది. తెర మీద ఎర్ర అక్షరాలేవీ అడ్డు రాలేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది?

ఫారానికి కనిపించేది ఎంత?

మనం వివరాలు నింపుతుండగానే ‘మొబైల్ నంబరు పది అంకెలు ఉండాలి’ అంటూ వచ్చే హెచ్చరిక మన ఫోన్‌లోని బ్రౌజరే ఇస్తుంది. దీన్ని క్లయింట్ సైడ్ వాలిడేషన్ అంటారు. సర్వర్ దాకా వెళ్లకుండానే తప్పు తెలిసిపోతుంది కాబట్టి సమయం ఆదా. కానీ దాని చూపు చాలా చిన్నది. ఫొటో ఫైల్ ఎన్ని కేబీలు, ఏ ఫార్మాట్, వెడల్పు ఎంత అన్నది సులభంగా కొలుస్తుంది. ముఖం మీద నీడ పడిందా, సంతకం పెద్ద అక్షరాల్లో విడివిడిగా ఉందా అన్నది మామూలు ఫారం తేల్చలేదు. సంతకం కలిపిరాతలోనే ఉండాలన్నది ఆర్‌ఆర్‌బీ నిబంధన. ఫారం ‘సరే’ అన్నదంటే ‘కొలతలు సరిపోయాయి’ అని మాత్రమే అర్థం. ‘నిబంధనలు సరిపోయాయి’ అని చెప్పాల్సింది బోర్డు.

పుట్టుకొచ్చే గళ్లతోనే తంటా

అసలు చిక్కు మన జవాబును బట్టి కొత్తగా ప్రత్యక్షమయ్యే గళ్ల దగ్గర వస్తుంది. రిజర్వేషన్ కేటగిరీ ఎంచుకోగానే సర్టిఫికెట్ నంబరు అడుగుతుంది. రాష్ట్రం ఎంచుకుంటే జిల్లాల జాబితా మారుతుంది. ‘మరో అర్హత జోడించండి’ నొక్కితే కొత్త వరుస వస్తుంది.

తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌నే తీసుకోండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులకు అనుగుణంగా వివరాలు సవరించుకోవాలని 2022 మార్చిలో కమిషన్ కోరింది. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే స్థానికతకు ఆధారం కావడంతో ఆ వివరాలు కీలకమయ్యాయి. 2016 దాకా పది జిల్లాలున్న రాష్ట్రం 2019 నాటికి 33 జిల్లాలైంది. చదువుకున్నప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న బడి ఇప్పుడు ఏ జిల్లా కిందికి వస్తుందో అభ్యర్థే తెలుసుకుని నింపాలి. గడి ఖాళీగా ఉంటే ఫారం పట్టుకోగలదు. జాబితాలో ఉన్న తప్పు జిల్లాను ఎంచుకుంటే బ్రౌజర్ ఏం చేయగలదు? స్థానికత తారుమారైతే పోయేది ఉద్యోగం.

ఇలాంటి ఫారాలు రాసేటప్పుడు డెవలపర్లు తరచూ బోల్తా పడేది మూడు చోట్ల.

ఒకటి: పేజీ తెరుచుకున్నప్పుడు ఉన్న గళ్లకే తనిఖీ కోడ్‌ను తగిలిస్తారు. తర్వాత పుట్టిన గళ్లకు అది వర్తించదు. ఒక్కో గడికి కాకుండా మొత్తం ఫారానికే కాపలా పెడితే కొత్తవి కూడా దాని పరిధిలోకి వస్తాయి. దీన్నే ఈవెంట్ డెలిగేషన్ అంటారు.

రెండు: కొత్త వరుసలన్నిటికీ ఒకే పేరు పెడతారు. జేక్వెరీ వాలిడేషన్ ప్లగిన్ లాంటివి గడిని దాని పేరుతోనే గుర్తుపడతాయి. ఒకే పేరుంటే మొదటిదాన్ని చూసి మిగతావి వదిలేసే ప్రమాదం ఉంది. ప్రతి వరుసకూ వేరే సంఖ్య ఇవ్వాలి.

మూడు: కేటగిరీ మార్చినప్పుడు పాత గడిని దాచేస్తారు కానీ ‘తప్పనిసరి’ అన్న గుర్తు తీసేయరు. అప్పుడు బ్రౌజర్ ఆ కనిపించని గడి దగ్గర ఆగిపోతుంది. అభ్యర్థి ఎన్నిసార్లు సబ్‌మిట్ కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. ‘సర్వర్ డౌన్’ అనుకుని గడువు చివరి రాత్రి దాకా తంటాలు పడతాడు. అంతకన్నా ప్రమాదం, తప్పనిసరి కాని గడిలో ముందు నింపిన పాత వివరం కనిపించకుండానే సర్వర్‌కు చేరిపోవడం. దాచిన గడిని డిజేబుల్ చేస్తే ఈ రెండు బాధలూ తప్పుతాయి. అలాంటి గడిని బ్రౌజర్ తనిఖీ చేయదు, అందులోని విలువను పంపదు కూడా.

మూల్యం ఎవరిది?

బ్రౌజర్‌లోని తనిఖీని కొంచెం తెలిసినవారు ఎవరైనా దాటేయగలరు. అందుకే సర్వర్‌లో అదే తనిఖీ మళ్లీ చేయాలన్నది ఈ రంగంలో మొదటి పాఠం. వర్క్‌షాప్‌కు వచ్చిన బోగీని ‘డ్రైవర్ బాగుందన్నాడు’ అని పరీక్షించకుండా పట్టాల మీదికి వదలరు కదా!

ఇందులో న్యాయం ప్రశ్న కూడా ఉంది. ఇటీవలి ఆర్‌ఆర్‌బీ నోటిఫికేషన్లలో దరఖాస్తు సవరణకు ప్రతిసారీ రూ.250 చెల్లించాలి. ఖాతా తెరిచేటప్పుడు ఇచ్చిన వివరాలు, ఎంచుకున్న బోర్డు మాత్రం డబ్బు కట్టినా మార్చుకోలేరు. అభ్యర్థి అజాగ్రత్తకు రుసుము అడగటంలో అర్థముంది. కానీ ఫారం మొదట్లోనే చెప్పగలిగిన తప్పును చెప్పకపోతే ఆ భారం నిరుద్యోగి మీద పడటం సమంజసం కాదు. ఫొటో, సంతకం పరిశీలన గడువు ముగిసిన వెంటనే జరిగి, సవరణ అవకాశం కూడా అప్పుడే వస్తే 2019 నాటి ఎదురుచూపులు పునరావృతం కావు.

అప్లై చేసేవారికి..

పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్లే ఇవ్వండి. ఆధార్‌లో తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి. మన ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమక ఇక్కడే కొంప ముంచుతుంది. కేటగిరీ లేదా జిల్లా మార్చాల్సి వస్తే ఆ కింద ఉన్న ప్రతి గడినీ మళ్లీ చూడండి. బటన్ పనిచేయకపోతే పేజీ రీఫ్రెష్ చేసి, కింది నుంచి కాకుండా పైనుంచి నింపుకుంటూ రండి. ఫైనల్ సబ్‌మిట్‌కు ముందు ప్రివ్యూను మరొకరితో చదివించండి. నెట్ సెంటర్లో నింపించుకుంటే ప్రింటవుట్‌ను అక్కడే మెమోతో పోల్చుకోండి. చివరి రోజు దాకా ఆగొద్దు.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవారికి..

రెజ్యూమెలో మరో కాలిక్యులేటర్ ప్రాజెక్టు పెట్టే బదులు ఒక దరఖాస్తు ఫారం తయారుచేయండి. ఏడు తరగతులకు ఏడు వరుసలు, జిల్లా మారితే మారే మండలాల జాబితా, కేటగిరీని బట్టి వచ్చే గళ్లు.. ఇవన్నీ అందులో ఉండాలి. పేరు గడిలో ఇనిషియల్, చుక్క, ఖాళీ పడితే మీ కోడ్ ఏమంటుందో చూడండి. జావాస్క్రిప్ట్ ఆపేసి తప్పుడు వివరాలు పంపి, సర్వర్ ఆపుతుందో లేదో పరీక్షించండి. ‘హిడెన్ ఫీల్డ్ రిక్వైర్డ్‌గా ఉంటే ఏమవుతుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే పుస్తకం గుర్తుచేసుకోనక్కర్లేదు, చేసి చూసిందే చెప్పొచ్చు.

రేపు ఇలాంటి ఫారాలు రాసేది మీలోనే కొందరు. ఒక చిన్న తనిఖీ వదిలేస్తే అవతల ఒకరి ఏడాది వృథా అవుతుందని, ఇవతల వైపు నిలబడి చూసిన మీకు ప్రత్యేకంగా ఎవరూ చెప్పక్కర్లేదు.